తెలివిగల పిచర్‌ని ఎలా చూడాలి: గ్రెగ్ మాడక్స్ దగ్గర మొదలుపెట్టండి

బేస్‌బాల్ కొత్తగా చూసేవాళ్లు ముందు మెచ్చుకునేది వేగాన్నే. తెర మీద 100 మైళ్లు అని పడగానే కళ్లు పెద్దవవుతాయి. తప్పేం లేదు, గంటకి 160 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిని చూసి ఎవరైనా నోరెళ్లబెడతారు. అయితే ఈ ఆటలో ఇంకో రకం పిచర్ (బంతి విసిరేవాడు, మన బౌలర్ లాంటివాడు) కూడా ఉంటాడు. ఒడ్డూ పొడుగూ ఉండదు, బంతిలో అంత జోరూ కనిపించదు. అయినా బ్యాటర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, బంతిని మెత్తగా నేల మీదకి కొట్టి, తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్లిపోతుంటారు. ఏం జరిగిందో మనకి అర్థం కాదు. చాలాసార్లు ఆ బ్యాటర్‌కీ అర్థం కాదు.

ఇలాంటి పిచర్‌ని చూసి ఆనందించడం కాస్త అలవాటు చేసుకుంటేనే వస్తుంది. నాకు తెలిసి అందుకు అన్నిటికన్నా మంచి దారి గ్రెగ్ మాడక్స్ ఆడిన పాత మ్యాచ్‌లు. 1986 నుంచి 2008 వరకు అమెరికాలో ఈ ఆటకి అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఉన్నాడు. ఎక్కువ కాలం షికాగో కబ్స్‌కి, అట్లాంటా బ్రేవ్స్‌కి ఆడాడు. మొత్తం 355 గెలుపులు (ఈ ఆటలో జట్టు గెలుపుని, ఓటమిని ఒక పిచర్ ఖాతాలో రాస్తారు). 1992 నుంచి 1995 దాకా వరసగా నాలుగేళ్లు, ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు అతనికే వచ్చింది, అంతకుముందు అలా ఎవరికీ రాలేదు. ఆటలో అతనికి పడ్డ ముద్దుపేరు ప్రొఫెసర్.

కింద చెప్పిన పనులు ఆ వరసలోనే చేయండి. ఒక్క రాత్రిలో పూర్తయ్యేవి కావు. తొందరేం లేదు, రెండు మూడు వారాంతాలకి సరిపెట్టుకోవచ్చు.

1. ముందు కాసిని రూల్స్

పిచర్ నిలబడే మట్టిదిబ్బని మౌండ్ అంటారు. అక్కణ్ణుంచి హోమ్ ప్లేట్‌కి, అంటే బ్యాటర్ పక్కన నేల మీద ఉండే తెల్ల పలకకి, దూరం 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. ప్లేటు వెడల్పు 17 అంగుళాలు. ఆ ప్లేటు పైన, బ్యాటర్ మోకాళ్ల దగ్గర్నుంచి ఛాతీ దాకా ఒక డబ్బా ఉందని ఊహించుకోండి. అదే స్ట్రైక్ జోన్. బంతి అందులోంచి వెళ్తే బ్యాట్ ఊపకపోయినా స్ట్రైకే. బయటి నుంచి వెళ్లినప్పుడు బ్యాటర్ ఊపకుండా ఉంటే అది బాల్. మూడు స్ట్రైకులైతే ఔట్, దాన్ని స్ట్రైకౌట్ అంటారు. నాలుగు బాల్స్ అయితే బ్యాటర్ దర్జాగా నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కి (పరుగు కోసం చుట్టి రావాల్సిన మజిలీల్లో మొదటిదానికి) పోతాడు, దాన్ని వాక్ అంటారు. కౌంట్ అంటే ఈ బాల్స్, స్ట్రైకుల లెక్కే. బాల్స్ ముందు చెబుతారు: 2-1 అంటే రెండు బాల్స్, ఒక స్ట్రైక్. ప్రస్తుతానికి ఇంతకన్నా రూల్స్ అక్కర్లేదు. మిగతావి చూస్తుంటే అవే వస్తాయి.

క్రికెట్ చూసి పెరిగిన కళ్లకి ఇక్కడ ఒక తేడా మొదట్లో అందదు. మన ఆటలో ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని వదిలేయడం మంచి బ్యాటింగే. టెస్టుల్లో అయితే పొద్దస్తమానం వదిలేస్తూ కూర్చోవచ్చు. ఇక్కడ ఊరికే వదిలేస్తే కుదరదు, జోన్‌లో పడితే ఒక స్ట్రైక్ పోయినట్టే. పైగా బంతి నేలకి తగలదు కాబట్టి టర్న్, బౌన్స్ అనే మాటే లేదు. చేయాల్సిన మాయంతా గాల్లోనే చేయాలి. 90 మైళ్ల బంతి చేతిలోంచి బయటపడ్డాక ప్లేటు చేరడానికి పట్టేది సెకనులో నాలుగు పదో వంతులు. బ్యాట్ తిప్పడానికి పట్టే సమయం అందులోంచి తీసేస్తే, కొట్టాలా వదలాలా అని తేల్చుకోవడానికి మిగిలేది రెప్పపాటే.

మాడక్స్ ఆటంతా ఆ రెప్పపాటులోనే ఉంది. స్ట్రైక్ అయ్యే బంతిని బాల్‌లా కనిపించేట్టు, బాల్ అయ్యేదాన్ని స్ట్రైక్‌లా కనిపించేట్టు వేయడం. బ్యాటర్ చేత తప్పు నిర్ణయం తీసుకునేట్టు చేయడం. అందుకే ఇక్కడ చెప్పే పనుల్లో చాలావరకు మీ చూపుని పిచర్ మీంచి తీసి బ్యాటర్ మీద పెట్టించేవే.

2. మ్యాచ్ ఎంచుకోండి, హైలైట్స్ మాత్రం వద్దు

1996 వరల్డ్ సిరీస్ (చాంపియన్‌ని తేల్చే ఫైనల్ మ్యాచ్‌ల వరస) రెండో మ్యాచ్‌తో మొదలుపెట్టండి. న్యూయార్క్‌లో, యాంకీస్ సొంత మైదానంలో, అక్టోబర్ 21న జరిగింది. మాడక్స్ 8 ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు (ఇక్కడ మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదాంట్లో రెండు జట్లూ చెరో మూడు ఔట్లు అయ్యేదాకా బ్యాటింగ్ చేస్తాయి). దానికి అతను వాడిన బంతులు 82. బ్రేవ్స్ 4-0తో గెలిచారు. తర్వాత చూడాల్సింది 1995 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్. ఎదురుగా క్లీవ్‌లాండ్. ఆ ఏడాది సీజన్‌లో 144 మ్యాచ్‌లు ఆడి 100 గెలిచిన జట్టది. లాఫ్టన్, ఆల్బర్ట్ బెల్, మానీ రామిరెజ్, జిమ్ థోమీ, ఇలా పేరు చెబితే పిచర్లకి చెమట్లు పట్టే వరస. వాళ్లందరికీ కలిపి ఆ రాత్రి దక్కింది రెండే రెండు హిట్లు, అంటే కొట్టి బేస్ చేరిన దెబ్బలు. మాడక్స్ తొమ్మిది ఇన్నింగ్సూ తనే వేసి 3-2తో గెలిపించాడు.

ఆ కాలపు వరల్డ్ సిరీస్ మ్యాచ్‌లు యూట్యూబ్‌లో వెతికితే దొరుకుతాయి. మొత్తం చూడాల్సిన పని లేదు, బ్రేవ్స్ ఫీల్డింగ్ చేసే సగాలు చాలు. హైలైట్స్ ఎందుకు వద్దంటున్నానంటే, వాటిలో హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి), స్ట్రైకౌట్లు మాత్రమే ఉంటాయి. ఇలాంటి పిచర్ అసలు పని రెండో బంతిలోనో మూడో బంతిలోనో, అంటే హైలైట్స్‌లో కోసేసిన చోట జరుగుతుంది.

చూసేటప్పుడు ఒక జాగ్రత్త. పిచర్ వీపు వెనక నుంచి చూపించే కెమెరా సాధారణంగా నడిమధ్యలో ఉండదు, కాస్త పక్కకి ఉంటుంది. అందువల్ల బంతి ప్లేటు అంచు మీంచి వెళ్లిందా, నాలుగు అంగుళాలు బయట నుంచి వెళ్లిందా అనేది మన కంటికి సరిగా తెలియదు. అంపైర్‌ని తిట్టే ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

3. వేగం అంకెని కాగితంతో కప్పేయండి

నిజంగానే. తెర మీద స్పీడు అంకె వస్తుంటే, ఆ మూల ఏదో చూసుకుని, అక్కడో చిన్న కాగితం ముక్క అంటించండి. ఆ అంకె కనిపిస్తున్నంతసేపూ మన మెదడు దానికే మార్కులేస్తుంది.

మాడక్స్ కుర్రతనంలో 90 మైళ్లు దాటించేవాడు గాని, చివరి సంవత్సరాలకి అతని ఫాస్ట్‌బాల్ 80ల్లోనే తిరిగేది. కిలోమీటర్లలో 140కి అటూ ఇటూ. మన క్రికెట్‌లో దాన్ని గొప్ప వేగం అనుకుంటాం గాని అక్కడ అది కాలేజీ కుర్రాళ్లు కూడా వేసే వేగం. మరి అతని బలం ఎక్కడుంది?

దీని మీద మాడక్స్ ఒక విలేకరికి చెప్పిన ముచ్చట ఆ ఆటలో బాగా ప్రసిద్ధి. దూరం నుంచి రోడ్డు మీద మనకేసి వచ్చే కారుని చూపించి, అది 55లో వస్తోందా, 65లోనా, 75లోనా చెప్పమంటే ఎవరూ చెప్పలేరన్నది అతని వాదన. ఎదురుగా వచ్చే వస్తువు వేగాన్ని కొలిచే శక్తి మనిషి కంటికి తక్కువ. బ్యాటర్లు నిజానికి కొలిచేది వేగాన్ని కాదట. బంతి తిరిగే తీరు, చేతిలోంచి వదిలిన చోటు, కర్వ్‌బాల్ (వంపు తిరిగి కిందికి దిగే బంతి) అయితే మొదట్లో కాస్త పైకి లేవడం, ఇలాంటి గుర్తులు పట్టుకుని ఇది ఫలానా బంతి అని ఊహిస్తారు. ఆ గుర్తుల్ని చెరిపేసి, అన్నీ ఒకేలా బయల్దేరేట్టు వేసి, వేగం మాత్రం మారిస్తే ఎంతటి బ్యాటరైనా చేతులెత్తేయాల్సిందే. ఈ మాటకి అతనే ఒక మినహాయింపు కూడా చెప్పాడు, టోనీ గ్విన్. ఆయన సంగతి తర్వాత చూద్దాం.

చిన్న లెక్క వేసి చూడండి. 90 మైళ్ల బంతికీ 80 మైళ్ల బంతికీ ప్లేటు చేరడంలో తేడా సెకనులో ఇరవయ్యో వంతు. ఏముంది అందులో అనిపిస్తుంది. కానీ 90 అనుకుని బ్యాట్ తిప్పినవాడికి, 80 మైళ్ల బంతి ఆ క్షణానికి ఇంకా దాదాపు ఆరడుగుల దూరంలో ఉంటుంది. బ్యాట్ వెళ్లిపోయాక బంతి వస్తుంది. లేదా చివర్లో చెయ్యి బిగపట్టి ఎలాగో తగిలించుకుంటాడు, అది మెల్లగా ఫీల్డర్ కాళ్ల దగ్గరికి దొర్లుతుంది.

4. బంతి చేతిలో పట్టుకోండి

అమెరికాలో ఉంటే ఏ స్పోర్ట్స్ షాపులోనైనా దొరుకుతుంది. ఇక్కడైతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. క్రికెట్ బంతి కన్నా కొంచెం తేలిక, కొంచెం పెద్ద. దాని కుట్టు మన బంతికి ఉన్నట్టు నడుం చుట్టూ ఉండదు, గుర్రపు లాడం ఆకారంలో వంపులు తిరుగుతూ బంతంతా పోతుంది. 108 జంట కుట్లు.

రెండు కుట్లు దగ్గరగా వచ్చే ఇరుకైన చోట చూపుడువేలు, మధ్యవేలు కుట్ల వెంబడే ఆనించండి. అది టూ-సీమ్ ఫాస్ట్‌బాల్ పట్టు. కుడిచేతి పిచర్ ఇలా వేస్తే బంతి చివర్లో అతని కుడిచేతి వైపుకి, కాస్త కిందికీ జారుతుంది. మాడక్స్‌కి అన్నం పెట్టింది ఇదే. ఇప్పుడు బొటనవేలు, చూపుడువేలు కలిపి బంతి పక్కన సున్నాలా చుట్టి, మిగతా మూడు వేళ్లతో పట్టుకోండి. ఇది సర్కిల్ చేంజప్. చెయ్యి ఫాస్ట్‌బాల్‌కి తిప్పినంత జోరుగానే తిప్పినా బంతి మెల్లగా వెళ్తుంది, ఎందుకంటే బలంగా తోసే వేళ్లు బంతి వెనక లేవు. ఒకసారి గోడకేసి విసిరి చూడండి (కిటికీలు లేని గోడ). చెయ్యి తిప్పే వేగం తగ్గించకుండా బంతిని మాత్రమే నెమ్మదించడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

మూడోది కట్టర్. ఇది టూ-సీమ్‌కి ఎదురు వైపుకి, చివర్లో కొద్దిగా జరుగుతుంది. ఈ మూడింటి దారీ బయల్దేరేటప్పుడు ఒకటే, చివర్లో విడిపోతాయి. అంతవరకు గుర్తుంటే చాలు.

5. ఇప్పుడు బ్యాటర్‌ని చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇది. ఒక ఇన్నింగ్ మొత్తం పిచర్ కేసి చూడకండి. బ్యాటర్ ముందు కాలు, నడుము, చేతులు, ఈ మూడే చూడండి.

ఎడమచేతి బ్యాటర్ వచ్చాడనుకుందాం. రెండు స్ట్రైకులు పడ్డాయి. ప్లేటు వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ మెల్లగా బ్యాటర్ వైపు జరిగి కూర్చున్నాడు. మాడక్స్ చేతిలోంచి బంతి వచ్చీ రాగానే నేరుగా బ్యాటర్ తుంటి మీదికి వస్తున్నట్టుంటుంది. తగులుతుందని ఒళ్లు ముందే చెప్పేస్తుంది. నడుము వెనక్కి పోతుంది, ముందు కాలు బయటికి లాగేసుకుంటాడు, మోచేతులు పైకి లేస్తాయి. బంతి ఈలోగా ప్లేటు వైపుకి మళ్లి, లోపలి (బ్యాటర్ వైపు) అంచు మీదుగా క్యాచర్ గ్లవ్‌లోకి జారుకుంటుంది. అంపైర్ చెయ్యి లేస్తుంది. బ్యాటర్ ఇంకా వంగి వెనక్కి వాలే ఉంటాడు. 1990ల్లో ఎడమచేతి బ్యాటర్లు చాలామంది ఈ బంతి చేతిలో ఎప్పుడో ఒకప్పుడు నవ్వులపాలైనవాళ్లే.

రెండోసారి వచ్చినప్పుడు అదే బ్యాటర్ ఏం చేస్తాడో చూడాలి. ఈసారి తుంటి మీదికి వచ్చే బంతి వెనక్కి మళ్లుతుందని అతనికి తెలుసు. కదలకుండా నిలబడి కొడదామనుకుంటాడు. కానీ ఈసారి వచ్చేది కట్టర్, ఇది మళ్లదు, ఇంకా లోపలికి దూసుకొచ్చి బ్యాట్ పిడి దగ్గర తగులుతుంది. చేతులు జిల్లుమంటాయి, బంతి సెకండ్ బేస్ దగ్గరికి దొర్లుతుంది. మూడోసారి లోపలి బంతులకి సిద్ధపడి వస్తే, బయటి అంచు మీద చేంజప్ పడుతుంది. బ్యాటర్ బాగా ఆడలేదని మనకి అనిపిస్తుంది. నిజానికి అతను ప్రతిసారీ సరైనదే నేర్చుకున్నాడు, కాకపోతే ఒక బంతి ఆలస్యంగా.

మాడక్స్ చూసేవి కూడా ఈ కాళ్లూ నడుమే. బ్యాటర్ తను నిలబడే గీతల బాక్స్‌లో రెండంగుళాలు ముందుకొచ్చాడా, వెనక్కి జరిగాడా, పోయిన బంతిని ఫౌల్ (మైదానం గీతల బయటికి) కొట్టినప్పుడు అది ఏ పక్కకి పోయింది, ముందుగా తిప్పాడా ఆలస్యంగా తిప్పాడా. ఫౌల్ బంతి పోయిన దిక్కుని మీరూ గమనించండి. టీవీ వాళ్లు దాన్ని పట్టించుకోరు. కానీ తర్వాత ఏ బంతి వేయాలో పిచర్‌కి బ్యాటరే చెప్పేసిన చోటు అది.

హ్యూస్టన్ బ్యాటర్ జెఫ్ బ్యాగ్‌వెల్ విషయంలో ఒక కథ చెప్పుకుంటారు. తన జట్టు భారీ ఆధిక్యంలో ఉన్న ఒక రోజు మాడక్స్ అతనికి లోపలి వైపు ఫాస్ట్‌బాల్ కావాలనే వేశాడట. బ్యాగ్‌వెల్ దాన్ని హోమ్ రన్ కొట్టాడు. కొన్ని వారాల తర్వాత ఇద్దరూ మళ్లీ ఎదురుపడ్డారు, ఈసారి మ్యాచ్ గట్టిగా నడుస్తోంది. బ్యాగ్‌వెల్ ఆ లోపలి బంతి కోసమే కాచుక్కూర్చున్నాడు. అది రానే రాలేదు. కథకి చెప్పేవాళ్లు కాస్త ఉప్పూ కారం చల్లే ఉంటారు. కానీ ఇలాంటి కథ మాడక్స్ మీదే ఎందుకు పుట్టిందో రెండు మ్యాచ్‌లు చూస్తే తెలుస్తుంది.

ఇక టోనీ గ్విన్. శాన్ డియెగో ఎడమచేతి బ్యాటర్. మాడక్స్‌ని 107 సార్లు ఎదుర్కొన్నాడు, ఒక్కసారి కూడా స్ట్రైకౌట్ కాలేదు. సగటు, అంటే బ్యాటింగ్ చేసిన సార్లలో హిట్ల వంతు, 0.415. 0.300 దగ్గరుంటేనే మంచి బ్యాటర్ అనే ఆట అది. ఈ లెక్క చూశాక మాడక్స్ మీద గౌరవం తగ్గుతుందేమోనని నేను మొదట అనుకున్నాను, తగ్గలేదు. తన వాదన ఎవరి దగ్గర చెల్లదో తనే పేరు పెట్టి చెప్పిన మనిషి అతను.

6. కాగితం, పెన్ను, కౌంట్

ఇప్పటిదాకా వీడియోని ఆపలేదు కదా, ఇప్పుడు ఆపండి. ప్రతి బంతికీ ముందు పాజ్ నొక్కి, మూడు విషయాలు ఊహించి రాయండి: లోపలా బయటా, వేగంగానా మెల్లగానా, స్ట్రైకా బాలా. తర్వాత ప్లే చేసి సరిపోయిందో లేదో టిక్ పెట్టుకోండి.

మొదటి రెండు ఇన్నింగ్స్‌లో మీ ఊహలు ఘోరంగా ఉంటాయి. ఫరవాలేదు, ఎదురుగా నిలబడ్డ కోట్ల జీతగాళ్లవీ అంతే. ముఖ్యంగా 0-0, 1-1 కౌంట్ల దగ్గర ఆగండి. 1-1 నుంచి ఆట 1-2 అయితే పిచర్ చేతిలోకి, 2-1 అయితే బ్యాటర్ చేతిలోకి పోతుంది. మామూలు పిచర్లు 2-1లో పడ్డాక వాక్ ఇస్తామేమోనన్న భయంతో నేరుగా మధ్యలోకి ఫాస్ట్‌బాల్ వేస్తారు. బ్యాటర్‌కి పండగ. మాడక్స్ అక్కడ కూడా చేంజప్ వేస్తాడు, అదీ స్ట్రైక్ వేస్తాడు. ఈ ధైర్యం ఎక్కడిదంటే, అతనికి వాక్ భయం లేదు. కెరీర్ మొత్తం 5,008 ఇన్నింగ్స్ వేసి 999 వాక్‌లు ఇచ్చాడు. 1997లో 232 ఇన్నింగ్స్‌కి పైగా వేస్తే వాక్‌లు 20, అందులో ఆరు మేనేజర్ (జట్టు కోచ్) కావాలని ఇప్పించినవి. 2001లో అయితే 72 ఇన్నింగ్స్ పైచిలుకు ఒక్క వాక్ కూడా లేకుండా వేశాడు.

తెలివి అనగానే మనం మోసం, ఎత్తుగడ అనుకుంటాం. దాని కింద ఉన్నది ఈ గురి. బంతిని అనుకున్న అంగుళంలో వేయలేనివాడికి ఎన్ని ఎత్తులు తెలిసినా బూడిదలో పోసిన పన్నీరే.

7. ఔట్ ఎలా అయ్యాడో రాసుకోండి

ప్రతి ఔట్ పక్కన ఒక అక్షరం: నేల మీద దొర్లి ఫీల్డర్‌కి చిక్కిందా, గాల్లోకి లేచి క్యాచ్ అయిందా, స్ట్రైకౌటా. 1996 మ్యాచ్‌కి ఈ లెక్క వేస్తే నేల మీద దొర్లినవే గుట్టలుగా తేలతాయి. ప్రతి ఒక్కణ్ణీ స్ట్రైకౌట్ చేయాలని చూస్తే ఒక్కో బ్యాటర్‌కి ఐదారు బంతులు ఖర్చవుతాయి. మొదటి రెండు మూడు బంతుల్లోనే తప్పుగా తగిలించుకునేట్టు చేస్తే తొమ్మిది ఇన్నింగ్స్ చెయ్యి అలవకుండా వేయొచ్చు. వంద బంతుల లోపు, పరుగివ్వకుండా పూర్తి మ్యాచ్ వేస్తే ఇప్పుడు దాన్ని మాడక్స్ అనే పిలుస్తున్నారు. 1997 జులైలో షికాగోలో తన పాత జట్టు మీద ఎనభై లోపు బంతులతోనే మ్యాచ్ ముగించేశాడు.

బంతి వదిలిన మరుక్షణం అతను ఎలా నిలబడతాడో కూడా చూడండి. చాలామంది పిచర్లు వేసిన ఊపుకి ఓ పక్కకి తూలిపోతారు. ఇతను రెండు కాళ్ల మీద, గ్లవ్ ముందు పెట్టుకుని ఫీల్డర్‌లా తేలతాడు. ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు 18 ఊరికే రాలేదు, ఆ ఆటలో ఏ స్థానంలోనూ ఎవరికీ అన్ని లేవు.

8. ఓడిన మ్యాచ్ ఒకటి తప్పకుండా చూడండి

అభిమానం గుడ్డిది కాకుండా ఉండాలంటే ఇది అవసరం. 1989 ప్లేఆఫ్స్ (సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ పోటీలు) మొదటి మ్యాచ్, షికాగో రిగ్లీ ఫీల్డ్. మాడక్స్‌కి అప్పుడు 23 ఏళ్లు. శాన్ ఫ్రాన్సిస్కో బ్యాటర్ విల్ క్లార్క్ రాబోతున్నాడు, బేస్‌లు నిండి ఉన్నాయి. మేనేజర్ మౌండ్ దగ్గరికొచ్చి మాట్లాడుతున్నాడు. అవతల నిలబడ్డ క్లార్క్, మాడక్స్ పెదాల కదలిక చూసి లోపలికి ఫాస్ట్‌బాల్ వేయబోతున్నాడని పట్టేశానని తర్వాత చెప్పాడు. ఆ బంతే వచ్చింది. గ్రాండ్ స్లామ్, అంటే బేస్‌లు నిండి ఉండగా హోమ్ రన్. ఇప్పుడు పిచర్లంతా మౌండ్ మీద మాట్లాడుకునేటప్పుడు గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఈ సంఘటనే కారణమని చెబుతారు.

1987లో, మొదటి పూర్తి సీజన్‌లో అతను గెలిచింది 6, ఓడింది 14. ఈఆర్ఏ, అంటే ఫీల్డర్ల పొరపాట్లతో వచ్చినవి తీసేసి తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, 5.61. మరుసటి ఏడాది 18 గెలుపులు. 1994లో ఈఆర్ఏ 1.56, 1995లో 1.63, లీగ్ సగటు నాలుగు దాటిన కాలంలో. ఇన్ని చేసినా ప్లేఆఫ్స్‌లో అతని లెక్క 11 గెలుపులు, 14 ఓటములు.

బ్యాటర్లకి అతని మీద ఒక పాత ఫిర్యాదు కూడా ఉంది. బ్రేవ్స్ పిచర్లకి అంపైర్లు బయటి అంచు మీద రెండు మూడు అంగుళాలు ఎక్కువే ఇచ్చేవాళ్లని. అందులో నిజం లేకపోలేదు. పదే పదే అదే చోట బంతి వేసేవాడికి అంపైర్ చెయ్యి తేలిగ్గా లేస్తుంది. కానీ 1997 ప్లేఆఫ్స్‌లో ఫ్లోరిడాతో ఐదో మ్యాచ్ చూడండి. ఆ రోజు అంపైర్ జోన్ మరీ వెడల్పైపోయింది. ఫ్లోరిడా కుర్రాడు లివాన్ హెర్నాండెజ్ 15 మందిని స్ట్రైకౌట్ చేశాడు, మాడక్స్ 2-1తో ఓడిపోయాడు. వెడల్పు జోన్ ఇద్దరికీ ఒకటే అయినా లాభం మాత్రం ఒకరికే దక్కింది.

9. ఇప్పుడు లైవ్ మ్యాచ్

ఇండియా నుంచి చూసేవాళ్లకి వేళలు కాస్త ఇబ్బందే. అమెరికా తూర్పు తీరంలో వేసవి సాయంత్రం 7 గంటల మ్యాచ్ అంటే మనకి తెల్లవారుజామున 4:30. కాఫీ కలుపుకుని కూర్చుంటే ఆఫీసు టైముకి అయిపోతుంది, 2023లో పిచ్ క్లాక్ (బంతి వేయడానికి గడువు పెట్టే గడియారం) పెట్టాక మ్యాచ్‌లు బాగా కురచయ్యాయి కూడా. అట్లాంటా చుట్టుపక్కల, ఆల్ఫరెటా, కమింగ్ వైపు ఉండే తెలుగువాళ్లకి బ్రేవ్స్ ఇప్పుడాడే ట్రూయిస్ట్ పార్క్ కారులో వెళ్లొచ్చే దూరమే. మాడక్స్ ఆడిన స్టేడియాలు వేరు, కానీ అతని 31వ నంబరుని ఆ జట్టు ఇంకెవరికీ ఇవ్వదు.

టికెట్ కొనేటప్పుడు ఒక మాట. బంతి పక్కకి జరగడం కనిపించాలంటే హోమ్ ప్లేట్ వెనకాల, పై అంతస్తులో కూర్చోండి. అక్కడ టికెట్ కింది వరసలంత ఖరీదుండదు. ఫస్ట్ బేస్, థర్డ్ బేస్ పక్కన కూర్చుంటే బంతి వంపు తెలియదు గాని, బ్యాటర్ తొందరపడ్డాడా ఆలస్యమయ్యాడా అనేది చాలా బాగా కనిపిస్తుంది. ఔట్‌ఫీల్డ్ సీట్లు బిడ్డల్ని తీసుకెళ్లినప్పుడు సరదాకి బాగుంటాయి, ఈ పనికి పనికిరావు.

మాడక్స్ తర్వాత ఎవర్ని చూడాలంటే, అదే బ్రేవ్స్ జట్టులో ఎడమచేతి పిచర్ టామ్ గ్లావిన్ 1995 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. ఎనిమిది ఇన్నింగ్స్, ఒకే ఒక్క హిట్, జట్టు 1-0తో గెలిచి కప్పు కొట్టింది. ఆయన లోపలికి బెదిరించడం తక్కువ, బయటి అంచునే పట్టుకుని రాత్రంతా అక్కడే ఉంటాడు. తర్వాత 2016లో కబ్స్ కైల్ హెండ్రిక్స్. అతని ఈఆర్ఏ ఆ ఏడాది 2.13, మొత్తం మేజర్ లీగ్‌లో అందరికన్నా మెరుగు, అదీ మాడక్స్‌కన్నా వేగం ఏమీ ఎక్కువ లేకుండా. జేమీ మోయర్ మరీ విడ్డూరం, 2012లో 49 ఏళ్ల వయసులో మేజర్ లీగ్ మ్యాచ్ గెలిచాడు.

లైవ్‌లో మాత్రం ఒక్క ఘట్టం వదులుకోకండి. తొమ్మిది మంది బ్యాటర్ల వరస రెండుసార్లు తిరిగి, మొదటి బ్యాటర్ మూడోసారి వచ్చే వేళ, సాధారణంగా ఐదో ఆరో ఇన్నింగ్స్‌లో వస్తుంది. ఇప్పటి మేనేజర్లు చాలామంది అక్కడే పిచర్‌ని మార్చేస్తారు, బ్యాటర్లు అప్పటికి అతన్ని చదివేసి ఉంటారని. మార్చకుండా ఉంచారంటే ఆ పిచర్ దగ్గర ఇంకా చూపించని బంతి ఏదో ఉందని వాళ్ల నమ్మకం. ఫోన్ పక్కన పెట్టేసి, ఆ బ్యాటర్‌కి మొదటి రెండుసార్లు ఏమేం వేశాడో మీరు రాసుకున్న కాగితం తీసి, ఏది వేయలేదో చూడండి.